మనవాడే అన్న మాట సంతకం కాదు

మన ఇళ్లలోని పిల్లలు కూడా క్రిప్టోలో కొనుగోళ్లు, అమ్మకాలు చేస్తున్న రోజులివి. ముక్కూముఖం తెలియని ఇద్దరి మధ్య బేరం కుదిరితే, సరుకు అందేదాకా సొమ్మును మధ్యవర్తి దగ్గర ఉంచుతారు. దీన్నే ఎస్క్రో అంటారు. మోసగాడు దూరే సందు ఇక్కడే ఉంది. మధ్యవర్తి పేరు, ఫొటో పెట్టుకుని తన చిరునామా పంపిస్తాడు. ఒకసారి అటు వెళ్లిన బిట్‌కాయిన్‌ను ఏ బ్యాంకూ వెనక్కి తిప్పలేదు.

దీనికి విరుగుడు డిజిటల్ సంతకం. బిట్‌కాయిన్ చిరునామాకు ఒక రహస్య తాళంచెవి ఉంటుంది. దానితో ఒక సందేశంపై సంతకం చేస్తే, చెవి బయటపడకుండానే అది ఎవరి దగ్గరుందో వారే సంతకం చేశారని ఎవరైనా సరిచూడవచ్చు. సందేశంలో ఒక్క అక్షరం మారినా సంతకం చెల్లదు.

అయితే సంతకం అసలుదైనంత మాత్రాన సరిపోదు. 2016 మేలో ఆస్ట్రేలియాకు చెందిన క్రెయిగ్ రైట్, బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి నకమోటో తానేనన్నారు. ఆయన ముందుపెట్టిన సంతకం సతోషిదే. కానీ అది 2009 నాటి లావాదేవీలోది, బ్లాక్‌చెయిన్‌లో అందరికీ కనిపించేది. పాత చెక్కు మీది సంతకాన్ని కొత్త కాగితానికి అతికించినట్టన్నమాట. 2020 మేలో, ఆయన తనవిగా అమెరికా కోర్టులో చూపిన జాబితాలోని 145 చిరునామాల నుంచి, ఆయన మోసగాడంటూ సంతకం చేసిన సందేశం వెలువడింది. 2024 మార్చిలో లండన్ హైకోర్టు ఆయన సతోషి కాదని తేల్చింది.

కాబట్టి మేము చెప్పేది మూడు జాగ్రత్తలు. మధ్యవర్తి చిరునామా బేరానికి ముందే, వేరే దారిలో తెలిసి ఉండాలి. బ్యాంకులో నమూనా సంతకం ముందే ఉన్నట్టు. సందేశం మనం చెప్పిందే కావాలి: ఇరువైపుల పేర్లు, మొత్తం, తేదీ, సొమ్ము పంపాల్సిన చిరునామా. సరిచూడటం మన సొంత వాలెట్‌లోనే జరగాలి, ఎదుటివారు పంపిన లింకులో కాదు.

ఇంత చేసినా సంతకం చెప్పేది తాళంచెవి ఎవరి దగ్గరుందనే. వారి నిజాయితీకి అది పూచీ కాదు. పెద్ద మొత్తమైతే ముగ్గురిలో ఇద్దరు సంతకం చేస్తేనే సొమ్ము కదిలే ఏర్పాటు మేలు. అప్పుడు మధ్యవర్తి ఒక్కడే సొమ్ము పట్టుకుపోలేడు.

బళ్లారిలోనైనా బరంపురంలోనైనా, తెలుగు పలకరింపు వినగానే మన మనసు మెత్తబడుతుంది. ఆ మెత్తదనం మనకు ఉండాల్సిందే, కానీ సొమ్ము పంపే ముందు సంతకం అడగండి. నిజమైన మనవాడు నొచ్చుకోడు. అప్పటికే మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.