నెస్సీ కనపడలేదని మార్కులు కోత

ఎడిన్‌బరాలో పొద్దున ఎనిమిదింటికి ఎక్కించుకుని, హైలాండ్స్ కొండలన్నీ చుట్టించి, రాత్రి ఎనిమిదింటికి దింపేసే ఒక్కరోజు బస్సులు చాలానే ఉన్నాయి. కూతురు గ్లాస్గోలోనో డండీలోనో మాస్టర్స్ చదువుతుంటే, కాన్వొకేషన్ చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు ఎక్కేది సాధారణంగా ఆ బస్సే. గ్లెన్‌కో లోయ దగ్గర పావుగంట ఆపుతారు. దిగాలి, ఫొటో తీసుకోవాలి, ఎక్కాలి. మధ్యాహ్నానికి బస్సు లాఖ్ నెస్ ఒడ్డున ఆగుతుంది.

"ఏమిటే, ఈ చెరువు కోసమా ఇంతసేపు కూర్చోబెట్టావు?"

"చెరువు కాదమ్మా, లాఖ్. ఇందులోనే నెస్సీ అనే ఆ జంతువు ఉందంటారు."

"ఏదీ మరి?"

ఈ సంభాషణ ఆ ఒడ్డున ఎన్ని భాషల్లో జరిగి ఉంటుందో! చైనా వాళ్లు, జర్మన్లు, అమెరికన్లు, మనవాళ్లు అందరూ పది నిమిషాలు నీళ్లకేసి చూసి, బొమ్మల దుకాణంలో ఆకుపచ్చ నెస్సీని ఒకదాన్ని కొనుక్కుని బస్సెక్కుతారు. తర్వాత ఫోన్లో నక్షత్రాలు ఇచ్చేటప్పుడు రెండు తగ్గిస్తారు. కారణం: "ఏమీ కనపడలేదు."

కనపడదు. ఆ సరస్సు పొడవు 37 కిలోమీటర్లు, లోతు 230 మీటర్లు. నాలుగు చార్మినార్లు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా మునిగిపోతాయి. ఇంగ్లండు, వేల్స్‌లలో ఉన్న సరస్సులన్నీ కలిపినా అన్ని నీళ్లు లేవంటారు. పీట్ నేల కలిసి ఆ నీళ్లు కషాయం రంగులో ఉంటాయి. నెస్సీ గోల ఈ రూపంలో మొదలైంది 1933లో. సరస్సు వెంట కొత్త రోడ్డు పడ్డది కూడా ఆ రోజుల్లోనే. జనం రావడం మొదలయ్యాక జంతువు కనపడటం మొదలైంది! నెస్సీదంటూ మరుసటి ఏడాది పత్రికలో వచ్చిన పొడుగుమెడ ఫొటో, బొమ్మ జలాంతర్గామికి మెడ అతికించి తీసినదని 1994లో బయటపడింది. 2018లో సరస్సు నీటిని పలుచోట్ల తోడి డీఎన్ఏ పరీక్షలు చేస్తే రాకాసి బల్లి జాడ లేదు. మలుగుపాములాంటి ఈల్ చేపల జాడ మాత్రం దండిగా దొరికింది.

తప్పు సరస్సుది కాదు. పన్నెండు గంటల రోజులో ముప్పాతిక భాగం సీటులో కూర్చుని, మిగిలిన పావు భాగాన్ని నాలుగు చోట్లకు పంచిపెట్టిన పద్ధతిది.

చిన్నపిల్లలతో తిరిగిన వాళ్లకు ఒక సంగతి తెలుస్తుంది. పిల్లలు పేరు చూసి మార్కులు వెయ్యరు. యునెస్కో గుర్తింపు వాళ్లకు అక్కర్లేదు. కళ్లముందు ఏదో ఒకటి జరగాలి, అంతే: తిరగాలి, పేలాలి, నడవాలి, మోగాలి. స్కాట్లండులో కుటుంబంతో గడిపే రోజు బాగుందనిపించాలంటే ఈ పిల్లల లెక్కే పెద్దవాళ్లకూ పనికొస్తుంది.

ఎడిన్‌బరా కోటనే తీసుకోండి. టికెట్టు ఖరీదు, జనం తోపులాట, నున్నటి రాళ్ల ఎక్కుడు. బామ్మగారి మోకాళ్లు గేటు దగ్గరే మొరపెడతాయి. లోపల పన్నెండో శతాబ్దపు బుల్లి ప్రార్థనా మందిరం ఉంది, 1449లో చేసిన మాన్స్ మెగ్ అనే భారీ ఫిరంగి ఉంది. ఇవన్నీ పిల్లలు ఆవులిస్తూ చూస్తారు. మధ్యాహ్నం ఒంటిగంటకు మాత్రం ఆవులింతలు ఆగిపోతాయి. 1861 నుంచి ఆదివారం, గుడ్‌ఫ్రైడే, క్రిస్మస్ తప్పించి రోజూ ఆ వేళకు కోట మీద ఒక ఫిరంగి పేలుతుంది. రేవులోని ఓడలు గడియారాలు సరిచేసుకోవడానికి మొదట్లో కాల్టన్ కొండ మీద నుంచి ఒక బంతిని కిందికి జార్చేవారు. పొగమంచు కమ్మితే బంతి కనపడదు కదా, అందుకని శబ్దం. పన్నెండింటికి పేల్చకుండా ఒంటిగంటకు ఎందుకంటే, పన్నెండు గుళ్ల ఖర్చు ఒక్క గుండుతో పోతుందని స్కాట్లండు వాళ్లు తమ పిసినారితనం మీద తామే జోకు వేసుకుంటారు. కింద ప్రిన్సెస్ స్ట్రీట్‌లో నిలబడి చూస్తే ఊళ్లోవాళ్లెవరో, ఊరికి కొత్తెవరో తెలిసిపోతుంది. కొత్తవాళ్లు ఉలిక్కిపడతారు, ఊళ్లోవాళ్లు చేతి గడియారం చూసుకుంటారు. ఆ శబ్దానికి టికెట్టు లేదు.

ఫాల్కిర్క్ చక్రం దగ్గరికి వచ్చేసరికి పిల్లల లెక్కకు నూటికి నూరు మార్కులు.

ఎడిన్‌బరాకీ గ్లాస్గోకీ నడుమ ఉన్న చిన్న ఊరు ఫాల్కిర్క్. రెండు పాత కాలవలు అక్కడ కలవాలి, కానీ ఒకటి ఇంకోదానికన్నా 35 మీటర్లు ఎత్తు. గోదావరి జిల్లాల వాళ్లకు లాకుల సంగతి చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర తలుపులు మూసి, నీళ్లు నింపి, పడవను పైమట్టానికి తేవడం తాతల నాటి ముచ్చటే. ఫాల్కిర్క్‌లోనూ ఒకప్పుడు వరసగా 11 లాకులు ఉండేవి. దాటడానికి దాదాపు రోజంతా పట్టేది. వాడకం పోయాక 1933లో వాటిని తీసేశారు. (నెస్సీ పైకొచ్చిన ఏడాదే లాకులు లోపలికి పోయాయన్నమాట!) కాలవలు మళ్లీ కలపాలనుకున్నప్పుడు లాకులు తిరిగి కట్టకుండా పడవల్ని ఎత్తే చక్రాన్ని కట్టారు. 2002 మే 24న ఎలిజబెత్ రాణి దాన్ని ప్రారంభించారు.

చూడ్డానికి రెండు వైపులా అంచున్న పెద్ద గొడ్డలిలా ఉంటుంది. రెండు చివర్లా రెండు తొట్లు. పైతొట్టిలోకి ఎగువ కాలవలోంచి పడవ వస్తుంది, కిందితొట్టిలోకి దిగువ నుంచి ఇంకోటి. తలుపులు మూసుకుంటాయి. చప్పుడు చెయ్యకుండా చక్రం తిరగడం మొదలెడుతుంది. తొట్టి తలకిందులవుతుందేమోనని చూసేవాడి గుండె ఒక్కసారి జారుతుంది గానీ, పళ్లచక్రాల అమరికతో తొట్టి ఎప్పుడూ మట్టంగానే ఉంటుంది. నాలుగైదు నిమిషాల్లో పైది కిందికి, కిందది పైకి, 24 మీటర్లు. మిగిలిన ఎత్తును పైన రెండు లాకులు చూసుకుంటాయి.

ఎనిమిదేళ్ల పిల్లాడికి వెంటనే సందేహం వస్తుంది. ఒక తొట్టిలో పడవ ఉండి రెండోదాంట్లో లేకపోతే ఒకవైపు బరువెక్కదా? ఎక్కదు. స్టీలు గ్లాసు అంచుదాకా నీళ్లు పోసి నిమ్మకాయ వేస్తే నిమ్మకాయ ఎంత బరువో అన్ని నీళ్లు ఒలికిపోతాయి కదా, అదే లెక్క. పడవ తొట్టిలోకి వస్తూ తన బరువంత నీటిని కాలవలోకి నెట్టేస్తుంది. పడవ ఉన్నా లేకపోయినా తొట్టి తూకం మారదు. త్రాసు రెండువైపులా సమానం కాబట్టి తిప్పడానికి పెద్ద బలం అక్కర్లేదు. సగం చుట్టుకు కరెంటు దాదాపు ఒకటిన్నర యూనిట్లు. ఇంట్లో ఏసీ గంటో గంటన్నరో వేస్తే అయిపోయే కరెంటుతో దాదాపు 500 టన్నుల నీళ్లూ పడవలూ పైకీ కిందికీ మారిపోతాయి. బడి సైన్సు పుస్తకంలో నల్లటి బొమ్మగా ఉన్న ఆర్కిమిడీస్ ఇక్కడ గడ్డి మీద కూర్చుని పులిహోర తింటూ అర్థమవుతాడు. పడవెక్కితే టికెట్టు ఉంది, ఒడ్డున నిలబడి చూడ్డానికి లేదు. దగ్గర్లోనే 30 మీటర్ల ఉక్కు గుర్రం తలలు రెండున్నాయి, కెల్పీలని పేరు. వాటి కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూడొచ్చు.

ఎడిన్‌బరా జూ కథలో నీతి ఏమీ లేదు గానీ నవ్వు ఉంది. 2011 డిసెంబరులో చైనా నుంచి రెండు పాండాలు వచ్చాయి. పిల్ల పుడుతుందని పన్నెండేళ్లు ఊరంతా ఎదురుచూసింది. పుట్టలేదు. 2023 డిసెంబరులో రెండూ తిరుగు ప్రయాణం కట్టాయి. ఆ జూకి అసలు పేరు తెచ్చినవి పెంగ్విన్లు. 1951లో ఎవరో పొరపాటున తలుపు తెరిచి ఉంచితే పెంగ్విన్లు బయటికొచ్చి వరసగా నడిచాయి. జనం మురిసిపోయారు. పొరపాటే ఆనవాయితీ అయింది. ఇష్టమున్న పెంగ్విన్ వస్తుంది, లేనిది రాదు, బలవంతం లేదు. వాటిలో నిల్స్ ఓలావ్ అనే రాజ పెంగ్విన్‌కు నార్వే రాజుగారి సైన్యంలో హోదా ఉంది. 2008లో నైట్ బిరుదు, 2023లో మేజర్ జనరల్ పదవి. సైన్యంలో ముప్ఫై ఏళ్లు చేసినవాళ్లకు కూడా దొరకని పదోన్నతి! నడక ఆ రోజు ఉందో లేదో కనుక్కుని వెళ్లడం మంచిది.

వాన సంగతి చెప్పకపోతే స్కాట్లండు గురించి చెప్పినట్టు కాదు. వాళ్లు "డ్రీఖ్" అని ఒక మాట అంటారు. ఇంగ్లీషులో దానికి సరైన మాట లేదని మురిసిపోతారు గానీ తెలుగులో ఉంది: ముసురు. వేసవిలో కొండల వైపు వెళ్తే మిడ్జ్ అనే, కంటికి ఆనని దోమలాంటి పురుగు గుంపులుగా మీద పడుతుంది. ఈ రెండింటి మీద ఫిర్యాదు చెయ్యనివారు లేరు. ముసురు పట్టిన రోజుకు మందు మాత్రం ఉచితం. గ్లాస్గోలో కెల్విన్‌గ్రోవ్, ఎడిన్‌బరాలో నేషనల్ మ్యూజియం, రెండింటికీ ప్రవేశ రుసుము లేదు. చేతులు కట్టుకుని తిరగాల్సిన మ్యూజియాలు కావివి. కెల్విన్‌గ్రోవ్‌లో పైకప్పు నుంచి స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం వేలాడుతుంది. దాని కింద సర్ రోజర్ అనే ఏనుగు, ప్రాణం పోయి నూరేళ్లు దాటినా ఠీవిగా నిలబడి ఉంటుంది. మధ్యాహ్నం హాలంతా అదిరేలా పైప్ ఆర్గన్ వాయిస్తారు.

హైదరాబాదు వాళ్లకు ఆ భవనంతో ఇంకో లెక్క ఉంది. నిజాం సేకరణలోంచి 1905లో దొంగతనంగా బయటపడి, ఒక బ్రిటిష్ సేనానికి అమ్ముడుపోయి, చివరికి గ్లాస్గో చేరిన తల్వారు ఒకటుంది. 2022 ఆగస్టులో అదే కెల్విన్‌గ్రోవ్‌లో, ఆ తల్వారుతో కలిపి ఏడు వస్తువుల మీద హక్కును భారతదేశానికి బదిలీ చేస్తూ సంతకాలు జరిగాయి. ఏనుగు దగ్గర సెల్ఫీ దిగే కుటుంబాల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

ఇక రద్దీ. హారీ పోటర్ సినిమాల పుణ్యమా అని గ్లెన్‌ఫినన్‌లో 21 కమానుల రైలు వంతెన దగ్గర ఆవిరి రైలు వచ్చే వేళకు కారు పెట్టడానికి చోటుండదు. రోడ్డు పక్కనే వదిలేసి పరుగెత్తేవాళ్లతో ఊరివాళ్లు విసిగిపోతున్నారు. పర్యాటకుల తాకిడికి ఖర్చు పర్యాటకులే భరించాలని ఎడిన్‌బరా నగరం బస ఖర్చు మీద 5 శాతం సుంకం పెట్టింది. 2026 జూలై 24 నుంచి ఉండే బసలకు, వరసగా అయిదు రాత్రుల వరకు. మనవాళ్లు కొందరు దీని మీద గుర్రుమంటున్నారు. కొండ మీది గుడికి వెళ్తూ టోలు కట్టే మనం ఇందుకు గుర్రుమనడం అంత సబబుగా లేదు.

ఉచితాల్లో అన్నిటికన్నా పెద్దది నేల. 2003 నాటి చట్టం ప్రకారం స్కాట్లండులో ఎవరి కొండైనా, ఎవరి సరస్సు ఒడ్డైనా, బాధ్యతగా నడిచేవాళ్లకు దారి ఇవ్వాలి. ఇళ్ల ఆవరణలు, పంట ఉన్న చేలు లాంటివి మినహాయింపు. అయితే కంచె లేనిచోట కటకటాలు కూడా ఉండవు. జలపాతం పక్కన కాపలావాడు, ఈల, తాడు ఏమీ ఉండవు. రాళ్లు నాచుపట్టి జారతాయి, వేసవిలో కూడా నీళ్లు మంచులా ఉంటాయి. 2024 ఏప్రిల్‌లో పిట్లోక్రీ దగ్గర లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం చూడబోయిన ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు ఇద్దరు నీళ్లలో పడి చనిపోయారు. స్నేహితులతో సెలవు రోజు గడపడానికి వెళ్లినవాళ్లు. ఆ బస్సు యాత్రల కరపత్రాల్లో కోటల చరిత్రకు పేజీలుంటాయి గానీ ఈ ఒక్క హెచ్చరికకు పెద్దక్షరాల చోటు ఉండటం లేదు. పిల్లల్ని చదువుకు పంపే తల్లిదండ్రులు స్వెటర్ల గురించి ఎంత చెబుతారో ఈ నీళ్ల గురించీ అంత చెప్పాలి.

లాఖ్ నెస్ దగ్గర మార్కులు కోసిన ఆ అమ్మను మర్నాడు కూతురు నేషనల్ మ్యూజియానికి తీసుకెళ్లిందనుకుందాం. బయట ముసురు. లోపల మొదట డాలీ గొర్రె, 1996లో ఎడిన్‌బరా పక్కనే పుట్టిన క్లోనింగ్ గొర్రె. "గొర్రేగా!" అని అమ్మ ముందుకు సాగుతుంది. అక్కడ గాజుపెట్టెలో చదరంగం పావులు కొన్ని. లూయిస్ దీవి ఇసుకలో 1831లో దొరికిన 93 వస్తువుల్లో 11 ఇక్కడివి, 82 లండన్‌వి. వాల్రస్ దంతంతో ఎనిమిది వందల ఏళ్ల కిందట చెక్కినవి. ఆ కోవదే అని తేలిన ఒక పావును ఎడిన్‌బరాలో ఒకాయన 1964లో 5 పౌండ్లకు కొని ఇంట్లో సొరుగులో పడేస్తే, 2019లో వేలంలో 7,35,000 పౌండ్లు పలికింది.

ఆ లూయిస్ దీవిలోని స్టోర్నవే ఊళ్లోనే 1754లో కాలిన్ మెకెంజీ పుట్టాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల్ని వెంటబెట్టుకుని మన పల్లెల చరిత్రలైన కైఫీయత్తుల్ని రాయించిన మెకెంజీ. ఒక్కరోజు బస్సు అంత దూరం వెళ్లదు. దీవికి ఓడెక్కాలి.

అమ్మ చూపు రాణి పావు మీద ఆగింది. కుడిచెయ్యి చెంపకు ఆనించుకుని, గుడ్లప్పగించి, పిల్ల పెళ్లి ఇంకా కుదరని తల్లిలా కూర్చుని ఉంది రాణి.

"ఈవిడకి ఇంత దిగులేమొచ్చిందే పాపం?" అని అమ్మ గాజు దగ్గరికి వంగింది. కూతురు ఫోన్లో టైము చూసుకుని, మళ్లీ జేబులో పెట్టేసింది.

— దేశదిమ్మరి