ముదుసలి తల్లిదండ్రులు ఎచ్చట నుండవలెను?

శృంగవరపుకోటవంటి యూళ్లలో నొక ప్రశ్న కొంతకాలముగ వినవచ్చుచున్నది. దానిని బిగ్గరగా నెవ్వరు నడుగరు. అరుగులమీదను, రైలుస్టేషనులోను, పఠనమందిరములందును గొంతు తగ్గించి యడుగుదురు: "అమ్మను వృద్ధాశ్రమములో నుంచుట మర్యాదయేనా?" కొడుకును కోడలును విశాఖపట్టణమున నుద్యోగములలో నుందురు. కూతురు హైదరాబాదుననో, సముద్రమున కావలియొడ్డుననో యుండును. ఇంట మిగిలినది యొక్క ముసలి ప్రాణము. రాత్రి వేసిన గడియ తెల్లవారిన తరువాత తీయునో తీయదో యను భయము పొరుగువారిది.

వలస మన ప్రాంతమునకు క్రొత్త కాదు. పూర్వము గంజాము, విశాఖపట్టణ మండలములనుండి వేలకొలది జనులు ఓడలెక్కి రంగమునకు పోయిరి. అయితే నాడు పోయినవాడు తల్లికి తోడుగ నన్నదమ్ములను, వదినెలను, మేనత్తలను ఇంట విడిచి పోయెను. నేడు పోవువాడు తాళమును విడిచి పోవుచున్నాడు. ఉమ్మడి కుటుంబము చెదరినది. ఎంత వగచినను అది తిరిగి రాదు.

ఆశ్రమమను మాట చెవినిబడగానే మనవారు ముఖము చిట్లించి, పాశ్చాత్యుల యాచార మందురు. కాశీవాసమును మఱచితిరా? వయస్సు మీరినవారు సంసారభారమును కొడుకుల కప్పగించి, కాశికి పోయి, సత్రములందును అద్దెగదులందును తుదిదినములు గడుపుట మన తాతలనాటి వాడుక. దాని నెవ్వరు నవమానమనలేదు. ఏల యనగా, పోవుటకు నిశ్చయించుకొన్నవారు పెద్దలే. అందఱు నట్లు సంతోషముగ పోయిరని మేము చెప్పము. కాశిలోను బృందావనములోను విడువబడిన వితంతువుల సంగతి మనకు తెలియనిది కాదు. చోటు రెంటను నొక్కటే. నిశ్చయించినవారు వేఱు.

మన యిండ్లలో ఈ నిశ్చయము జరుగు తీరు చూడుడు. తల్లి స్నానాలగదిలో జారిపడును. తుంటియెముక విఱుగును. బిడ్డలు పరుగున వత్తురు. ఆసుపత్రి వసారాలో, సెలవు మూడుదినములే మిగిలియుండగా, మాటలు మొదలగును. పెద్దవాడు తమ్మునివైపు చూచును. తమ్ముడు నేలవైపు చూచును. నాల్గవదినమున "కొన్నాళ్లేనమ్మా" యని చెప్పి ఆమెను బండి యెక్కింతురు. ఆ "కొన్నాళ్లు" అను మాటనే మేము సహింపజాలము. అది యబద్ధమని ఆమె యెఱుగును. బిడ్డలు సిగ్గుపడకుండుటకై యెఱుగనట్లు నటించును.

తల్లి తన కాళ్లమీద నడచుచున్నప్పుడే, తండ్రి తన లెక్కలు తాను వ్రాసికొనుచున్నప్పుడే యడుగవలెను. "నీ కేది లేకున్న జరుగదు?" అని యడిగి, జవాబు వచ్చువఱకు ఓపికతో కూర్చుండవలెను. కొందఱు పూజగది యందురు, కొందఱు పొరుగింటి యప్ప యందురు, కొందఱు తమ పొయ్యి తమకు కావలె నందురు. ఆ జవాబునుబట్టి చూచిన కొన్ని యిండ్లకు ఆశ్రమమే యక్కఱలేదని తేలును. రాత్రి తోడుండు మనిషి, స్నానాలగదిలో పట్టుకొనుట కొక కడ్డీ, మధ్యాహ్నమునకు క్యారియరు చాలును. కొన్ని యిండ్లకు చాలవు. పొయ్యి యార్పుట మఱచువారిని, సొంతవీధిలో దారి తప్పువారిని ఒంటరిగ నుంచుట ప్రేమ యనిపించుకొనదు. ఒక్క కోడలిచేత రేయింబవళ్లు చాకిరి చేయించి, దానికి వంశమర్యాద యని పేరుపెట్టుటయు న్యాయము కాదు. ఈ మర్యాద బరువు ఎప్పుడును స్త్రీలనడుముమీదనే పడుట చిత్రము!

ఆశ్రమమే మేలని పెద్దలు సమ్మతించినచో, చూడబోవునప్పుడు ముందుగ కబురు చేయకుడు. భోజనవేళకు పోయి వారు తినునదే మీరును తినుడు. రాత్రి మెలకువగ నుండువా రెవరు? జబ్బుచేసిన ఏ యాసుపత్రికి, ఏ బండిలో తీసికొనిపోవుదురు? మంచము పట్టినపిమ్మట నుంచుకొందురా, ఇంటికి పంపుదురా? ఈ కడపటి ప్రశ్న వేయువారు తక్కువ. తమ పనులు తాము చేసికొనగలవారినే చేర్చుకొను నాశ్రమములు మాత్రము పెక్కు. కట్టిన డిపాజిట్టు తిరిగి వచ్చు విధమును కాగితముమీద వ్రాయించుకొనుడు. మొదట నొక్కనెల యుండి చూచునట్లు మాటాడుకొనుడు. ఆ నెలలో నూరియింటిని అమ్మవలదు, అద్దెకీయవలదు. తిరిగి వచ్చుట కొక గడప కలదని తెలిసిన ప్రాణము నిబ్బరముగ నుండును.

బిడ్డలకు ఇల్లు వ్రాసియిచ్చు పెద్దలు 2007వ సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును తెలిసికొనవలెను. తన్ను పోషింపవలెనను షరతుతో నిచ్చిన యాస్తిని, పోషింపనిచో రద్దు చేయించుకొనుటకు 23వ సెక్షను వీలు కల్పించుచున్నది. ఆ షరతును దస్తావేజులోనే వ్రాయించుడు. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన యొక తల్లి యిచ్చిన దానపత్రమును సుప్రీంకోర్టు రద్దుచేసి, ఆస్తి నామె కిప్పించినది. అందులకై యామె ఢిల్లీవఱకు పోవలసివచ్చెను! పోషణకై బిడ్డలపై ట్రిబ్యునలులో నర్జీ పెట్టుకొనవచ్చును. నెలకు 10,000 రూపాయలవఱకు ఇప్పింపవచ్చునని ఆ చట్టమే చెప్పుచున్నది. 14567 నంబరునకు ఫోను చేసిన వృద్ధులకు సలహా చెప్పుదురు.

ఆ చట్టమునందే జిల్లాకు కనీస మొక యాశ్రమము, అందు 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు, అని వ్రాసియున్నది. కాని వ్రాసినవారు "నెలకొల్పవలెను" అనలేదు, "నెలకొల్పవచ్చును" అనిరి. ఆ యొక్కమాటలో ప్రభుత్వములకు ఎంత వెసులుబాటు! వృద్ధాప్యపింఛనును 2024లో నెలకు 4,000 రూపాయలు చేయుట మంచిపనియే. దానితో బియ్యము వచ్చును. అర్ధరాత్రి నీళ్లందించు చేయి రాదు.

విశాఖపట్టణమున ప్రేమసమాజము అనాథలతోపాటు వృద్ధులకును నీడ నిచ్చుచున్నది. అయినను కోటలో పుట్టి పెరిగిన ముదుసలి, ముఖమెఱిగినవారిని విడిచి పట్టణమునకు ఏల పోవలెను? పెద్ద యాశ్రమమునకు ప్రభుత్వము కదలువఱకు, వృద్ధులు పగలంతయు కూర్చుండి, నలుగురితో మాటాడి, వేడియన్నము తిని, సాయంకాలమున తమ యిండ్లకు మరలునట్టి యొక చావడిని ఊరివారే పెట్టుకొనవచ్చును. అందులకు క్రొత్తకట్టడ మక్కఱలేదు. తాళము వ్రేలాడు పెద్దయిండ్లు మనవీధులలోనే యున్నవి. వానిలో నొకదాని యజమాని తాళపుచెవి యిచ్చునేమో యడుగుటకు ఈ వారమే ముగ్గురు బయలుదేరిన చాలును.