ఏ దశకము మనకు బంగారు దశకము?

పెండ్లి పందిళ్ళలో మన పెద్దలు నలుగురు కూడినచో ఒక వాదము తప్పక పుట్టును. "దొరల కాలమే కాలము, 1930 నాటి రోజులు మరల రావు" అని యొకరందురు. "కాదు, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడిన తరువాతి పదేండ్లే మేలు" అని మఱియొకరందురు. వినుటకు వేడుకగానే యుండును గాని, ఈ వాదమున దాగిన పొరపాటును చూపక తప్పదు.

మొదట దొరల కాలము. జాన్ టైలర్ కంపెనీవారు 1880లో ఇచ్చట పని మొదలిడిరి. 1902లో శివనసముద్రము నుండి గనులకు విద్యుత్తు వచ్చెను. బెంగుళూరు వీధులకు ఆ వెలుగు 1905లో గాని అందలేదు. సత్యమే. బంగళాలు, క్లబ్బు, గోల్ఫు మైదానము నుండెను. అవియు సత్యమే. కాని అవి యెవరివి? మన తాతలకు దక్కినవి తడికల గుడిసెలు. మైలుకు మించిన లోతున, ఉడికించు వేడిలో, రాతిపొరలు ఎప్పుడు పగిలి మీదబడునో తెలియక పనిచేసిరి. రాతిధూళి ఊపిరితిత్తులలో చేరి యెందఱినో క్షయింపజేసెను. 1930లో కూలీల వ్రేలిముద్రలు తీయవలెనను నిబంధన రాగా, వారు సమ్మెకు దిగిరి. దొంగల వ్రేళ్ళకు పూయు సిరాను కష్టజీవుల వ్రేళ్ళకు పూయబోయిన కాలమును బంగారు కాలమనుట తాతల ఆత్మగౌరవమునకు మనము చేయు అపచారము కాదా?

ఇక 1970 తరువాతి కాలము. నెలజీతము వచ్చెనని యొప్పుకొందును. కాని ఖనిజములో బంగారము తగ్గుచు, 3,000 మీటర్లకు మించిన లోతునుండి త్రవ్వితీయు ఖర్చు పెరుగుచుండెను. గనికి ఆయువు తీరుచున్నదని యెఱిగియు, రేపటి జీవనోపాధిని గూర్చి తగినంత యోచన జరుగలేదు. 2001లో గనులు మూతబడెను. నేడు మన బిడ్డలు తెల్లవారకమునుపే మారికుప్పములో రైలెక్కి బెంగుళూరికి పోవుచున్నారు. అప్పటి సుఖము అప్పు తెచ్చిన సుఖము, తీర్చుచున్నది వీరు.

ఎన్నుకొనక తప్పదన్నచో నేను 1946 మొదలు 1956 వఱకు గల పదేండ్లనే యెన్నుకొందును. 1946 సమ్మెలో కాల్పులు జరిగి కార్మికులు ప్రాణములు విడిచిరి. 1952లో కూలీయు దొరవలెనే ఓటు వేసెను. 1956లో మైసూరు ప్రభుత్వము గనులను స్వాధీనము చేసికొనెను. ఆ పదేండ్లలో మరణములు ఆగలేదు. గుడిసెలు మాయము కాలేదు. అయినను ఆనాడు లభించిన దేదియు ఒకరు దయతలచి యిచ్చినది కాదు. మనవారు నిలిచి సాధించినది. అందుకే అది మేలు.

అయితే ఆ దశకమునకు ఒక లోపము కలదు. 1956 నవంబరు 1న భాషనుబట్టి రాష్ట్రములు ఏర్పడినపుడు, తెలుగువారు విస్తారముగా గల కోలారు జిల్లా మైసూరులోనే నిలిచెను. దానికి వగచుటలేదు. కన్నడము మన సంతలోను కచేరీలోను భాష. తమిళము ఇరుగుపొరుగు భాష. కాని కూలి హక్కునకై ప్రాణమొడ్డినవారు తల్లిభాష అక్షరమును విధికి విడిచిరి. ఫలితము మన కన్నులయెదుటనే యున్నది. మనుమడు అవ్వతో తెలుగున మాటలాడును. ఈ పత్రికను చేతికిచ్చినచో తలక్రిందులుగా పట్టుకొనును!

పెద్దలారా, గతించిన దశకములకు తీర్పు చెప్పుట చాలించుడు. మీరు జీవించియున్న దశకమొకటి తీర్పునకు వేచియున్నది. ఆదివారమునకు ఒక గంట మనుమని ప్రక్కన కూర్చుండబెట్టుకొని అక్షరములు దిద్దించుడు. ఖర్చు ఒక పలక, ఒక బలపము. ఏ దశకము మేలని రేపు వారు వాదించుకొనునపుడు, ఆ వాదమును తెలుగున వ్రాయగలిగిరేని, మన దశకమునకును కొంత పేరు దక్కును.