పండుగ సినిమాలూ హృదయ పరివర్తనా

నిరుటి శీతకాలం అమెరికాలో, న్యూజెర్సీలో, మా అమ్మాయి దగ్గిర గడిపాను. నవంబరు ఆఖరు నుంచి పండుగ వెళ్ళేదాకా రోజుకొకటి చొప్పున, ఒక్కొక్క రోజు రెండు చొప్పున, క్రిస్‌మస్ సినిమాలు చూశాను. బయట చలి, లోపల టెలివిజను. నాబోటి ముసలివాడికి వేరే గతి లేదనుకోండి. లెక్క పెట్టలేదు గాని నలభైకి తక్కువ ఉండవు. తిరిగి వచ్చి మా అధ్యయన బృందంలో ఈ సంగతి చెబితే రెండు రకాల మాటలు వినవలసివచ్చింది. "పోనిద్దురూ మాస్టారూ, ఏదో కాలక్షేపం. వాటినికూడా పట్టించుకోవాలా?" అని నవ్వాడు ఒక విద్యార్థి. మరొక మిత్రుడు, కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, నాకంటే ఎక్కువ చదివినవాడు, నవ్వలేదు. "అదంతా పలాయనవాదం. నెల రోజులు దాని ముందు కూచోవడం అభ్యుదయవాది చెయ్యవలసిన పనేనా?" అన్నాడు.

ఈ రెండు మాటలూ పైకి విరుద్ధంగా కనిపిస్తాయి. నిజానికి రెండూ ఒకటే. ఆ సినిమాల్లో ఏమున్నదో చూడనవసరం లేదని ఇద్దరి అభిప్రాయమూను. ఒకరు నవ్వుతూ చూడటం మానేశారు, ఒకరు కోప్పడుతూ మానేశారు. చూసినవాణ్ణి నేను గనక నా మాట కాస్త వినమంటాను.

అన్నిటికంటే నాసిరకం సరుకు సంగతి ముందు చెబుతాను. అమెరికాలో హాల్‌మార్క్ అని శుభాకాంక్షల కార్డుల కంపెనీ ఒకటి ఉన్నది. 1910లో పుట్టింది. దానికొక టెలివిజను ఛానెలు. 2009 నుంచి ఏటా పండుగకు ముందు క్రిస్‌మస్ సినిమాలు వరసకట్టి చూపించడం దానికొక వ్రతం. ఈ మధ్య ఏటా ముప్ఫయ్యో అంతకు పైనో కొత్తవి తీస్తున్నారు, అక్టోబరులోనే మొదలుపెడుతున్నారు. వీటిలో చాలా భాగం కెనడాలో, పన్ను రాయితీ దొరికేచోట, రెండు మూడు వారాల్లో తీసేస్తారు. తరచు ఎండాకాలంలో, దొంగ మంచు పోసి తీస్తారు గనక నటులు ఉన్నికోట్లలో చెమటలు కక్కుతూ చలికి వణకాలి. కథ అన్నిటికీ ఒకటే. మహానగరంలో పెద్ద ఉద్యోగం చేసే యువతి ఏదో పనిమీద చిన్న ఊరు వస్తుంది. అక్కడ గళ్ళచొక్కా తొడుక్కున్న మంచివాడు ఒకడుంటాడు. ఊళ్ళో పాత సత్రమో, రొట్టెల దుకాణమో, క్రిస్‌మస్ చెట్ల తోటో మూతపడబోతూ ఉంటుంది. పండుగనాటికి అది నిలబడుతుంది, ఆ పిల్ల ఉద్యోగం వదులుకుని ఊళ్ళో ఉండిపోతుంది.

ఈ సినిమాల్లో జీతానికి పనిచేసేవాడు ఎక్కడైనా కనిపిస్తాడేమోనని పట్టుదలగా వెతికాను. అరుదు. అందరూ చిన్న చిన్న యజమానులే. రొట్టెలు వాటంతటవే కాలుతాయి, సత్రంలో పక్కబట్టలు వాటంతటవే ఉతుక్కుంటాయి. కాని ఒక్క విషయం గమనించండి. దుకాణం మూతపడటం అనే భయం మాత్రం ప్రతి కథలోనూ ఉన్నది. అప్పు తీరలేదనో, ఏదో పెద్ద కంపెనీ స్థలం కొనేస్తున్నదనో మొదటి పావుగంటలో చెబుతారు, తరవాత మరిచిపోతారు. అమెరికాలో ఎన్నో చిన్న ఊళ్ళలో ఫ్యాక్టరీ పోయింది, దాని వెనక బజారు పోయింది. చూసేవాడికి అది తెలుసు. తీసేవాడికి ఇంకా బాగా తెలుసు. గాయం ఎక్కడున్నదో తెలియనివాడు సరిగ్గా దానిమీదే పన్నీరు చల్లలేడు.

ఒకనాటి రాత్రి తొమ్మిది దాటాక ఇలాంటిదే ఒకటి చూస్తున్నాను. గుమ్మంలో అలికిడయింది. తలుపు తీసేసరికి ఒక కుర్రవాడు పార్సెలు కింద పెట్టి, దానికి ఫోటో తీసుకుని, నేను థాంక్స్ చెప్పేలోగా పరుగెత్తి వ్యానెక్కాడు. ఆ నెలంతా గిడ్డంగుల్లో అదనపు గంటలు తప్పనిసరి అనీ, తెలిసినవాళ్ళబ్బాయి ఒకడు అలాంటిచోటే పనిచేస్తున్నాడనీ మా అల్లుడు చెప్పాడు. నేను చూసిన నలభై సినిమాల్లోనూ బహుమతులు లేని సినిమా లేదు. వాటిని మోసుకొచ్చినవాడికి ఇల్లూ సంసారమూ ఉన్న సినిమా ఒక్కటి కనిపించలేదు.

ఇంతవరకూ నా మిత్రుడు సంతోషిస్తాడు. ఇక్కడ ఆగితే ఆయన చెప్పిందే నేనూ చెప్పినట్టు. కాని ఈ కథలకు ఒక వంశవృక్షం ఉన్నది, దాని పైకొమ్మలు వేరే రకం.

మూలపురుషుడు డికెన్స్. 1843లో, ఇంగ్లండులో పిల్లల చేత చేయిస్తున్న పనిమీద ప్రభుత్వ విచారణ సంఘం ఇచ్చిన నివేదిక చదివి ఆయన కదిలిపోయాడు. పేదవాడి బిడ్డ తరఫున ప్రజలకు విజ్ఞప్తిగా ఒక కరపత్రం రాద్దామనుకున్నాడు. అది మానేసి, అదే ఏడు డిసెంబరు 19న "ఎ క్రిస్‌మస్ కేరల్" వెలువరించాడు. స్క్రూజ్ అనే లోభి, అతని దగ్గిర వారానికి పదిహేను షిల్లింగులకు చాకిరీ చేసే గుమాస్తా, మూడు దయ్యాలు. తెల్లవారేసరికి లోభికి హృదయ పరివర్తన, గుమాస్తాకు జీతం హెచ్చు. ఎంత హెచ్చించాడో డికెన్స్ చెప్పడు. ఆ పక్క వీధిలో గుమాస్తాల యజమానికి దయ్యాలు కనపడకపోతే వాళ్ళ గతేమిటో కూడా చెప్పడు. కరపత్రమే రాసి ఉంటే ఆయన చట్టాన్ని అడిగేవాడు. కథ రాశాడు గనక యజమానిని అడిగాడు.

అయినా కథ రాసినందుకు ఆయన్ని నేను తప్పుపట్టను. కరపత్రమయితే ఈనాడు ఎవరు చదివేవారు? పైగా ఆ కథలో కరపత్రం పూర్తిగా చచ్చిపోలేదు. రెండవ దయ్యం అంగీ కింద నుంచి ఎముకల గూళ్ళలాంటి పిల్లలిద్దరు బయటికి వస్తారు. ఒకడి పేరు అజ్ఞానం, రెండోదాని పేరు దారిద్ర్యం. ఈ కథను 1901 నుంచి సినిమాలుగా తీస్తూనే ఉన్నారు. 1992లో తోలుబొమ్మల్లాంటి బొమ్మలతో తీసిన సినిమాను మా మనవరాలితో కలిసి చూశాను. చాలా సరదాగా ఉన్నది. ఆ పిల్లలిద్దరూ అందులో లేరు. పరివర్తన మాత్రం ఉన్నది.

అసలు నేను మాట్లాడదలచుకున్నది ఫ్రాంక్ కాప్రా 1946లో తీసిన "ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్" గురించి. డిసెంబరు 24 రాత్రి అమెరికాలో ఎన్ని ఇళ్ళలో దాన్ని చూస్తారో చెప్పలేను. మా అమ్మాయి ఇంట్లో చూశారు. నాకు కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి. సిగ్గుపడటం లేదు.

కథ ఒక పొదుపు సంఘానిది. సభ్యులు తలా కొంత వేసుకున్న డబ్బుతో ఒకరి తరవాత ఒకరు ఇళ్ళు కట్టుకుంటారు. దాన్ని నడిపే జార్జి బెయిలీకి దేశాలు తిరగాలని కోరిక, ఊరు దాటలేకపోతాడు. ఎదట పాటర్ అనే బ్యాంకరు. ఊరంతా అతనిదే, మురికివాడల అద్దెలు అతనివే. బ్యాంకుల మీద జనం విరుచుకుపడిన రోజున సభ్యులు తమ డబ్బు ఇచ్చెయ్యమని సంఘం దగ్గిరికి పరుగెత్తుకొస్తారు. డాలరు వాటాను సగం ధరకు కొంటానని అవతల పాటర్ కాచుకుని ఉంటాడు. అప్పుడు జార్జి, డబ్బు పెట్టెలో లేదని, పక్కవాడి ఇంటి గోడల్లో ఉన్నదని వాళ్ళకు నచ్చచెబుతాడు. సహకార సూత్రాన్ని ఇంత తేలికగా, ఇంత బాగా చెప్పిన పాఠ్యపుస్తకం నేను చూడలేదు. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ మాట ఊరికే అనను.

1947లో అమెరికా రహస్య పోలీసు శాఖ ఎఫ్.బి.ఐ. ఈ సినిమామీద ఒక నివేదిక రాసుకున్నది. బ్యాంకర్లను జనం అసహ్యించుకునేటట్టు చూపించారు, ఇది కమ్యూనిస్టులు వాడే ఎత్తు అని దాని సారాంశం. కాప్రా కమ్యూనిస్టు కాడు సరిగదా, రిపబ్లికన్ పార్టీ మొగ్గు ఉన్నవాడు. హాలీవుడ్‌లో రచయితలనూ దర్శకులనూ విచారణ సంఘం ముందు నిలబెట్టి నిలదీసిందీ ఆ ఏడే. పోలీసులు సినిమాను శ్రద్ధగా చూశారు. నా మిత్రుడు చూడలేదు. ఎవరు మంచి విమర్శకులో మీరే చెప్పండి.

అయితే పోలీసులు భయపడవలసినంత లేదనడానికి చివరి ఘట్టం ఉన్నది. సంఘం డబ్బు ఎనిమిదివేల డాలర్లు పొరపాటున పాటర్ ఒళ్ళో పడుతుంది. అతను తెలిసీ దాచుకుంటాడు. జార్జి చావడానికి సిద్ధపడతాడు. దేవదూత వచ్చి, నువ్వు పుట్టకపోతే ఈ ఊరు ఇలా ఉండేదని పాటర్ పేరుతో వెలసిన సారాకొట్ల ఊరును చూపిస్తాడు. జార్జి ఇంటికి పరుగెడతాడు. ఊరివాళ్ళు చిల్లర డబ్బులు తెచ్చి బల్లమీద పోస్తారు. చాలదేమోనని, ప్లాస్టిక్కుల వ్యాపారంలో కోటికి పడగెత్తిన బాల్యమిత్రుడు పాతికవేలదాకా ఇస్తానని తంతి కొడతాడు. గంట మోగుతుంది, అందరూ పాడతారు. నేను ఏడ్చింది అక్కడే.

అంతలో తొమ్మిదేళ్ళ మనవరాలు, "తాతయ్యా, ఆ ముసలాయన డబ్బులు తిరిగి ఇచ్చేశాడా?" అన్నది. ఇవ్వలేదు. హాలీవుడ్‌లో ఆ రోజుల్లో నేరస్థుడికి శిక్ష పడి తీరాలనే నియమావళి అమలులో ఉండేది. పాటర్‌కు మాత్రం ఏ శిక్షా పడలేదు. మరి బల్లమీద పోసిన డబ్బు ఎవరిది? పాటర్ కొంపల్లో అద్దెలు కట్టి, ఎలాగో బయటపడి, సంఘంలో ఇల్లు కట్టుకున్నవాళ్ళది. దొంగ దోచినదాన్ని దోపిడికి గురైనవాళ్ళే మళ్ళీ పూడ్చారు. దానికి సోదరభావమని పేరు. ఆ సోదరభావం అబద్ధమని నేననను. అది నిజం గనకనే ఏడుపు వస్తుంది. పండుగనాడు బల్లచుట్టూ చేరిన ఆ ఊరు పదిహేను నిమిషాలు నడిచి పాటర్ ఇంటిముందు నిలబడి ఉండవచ్చును గదా అని మాత్రమే నా బాధ. సినిమా వాళ్ళను ఆ వీధిలోకి పోనివ్వదు. ఇతర పండుగ సినిమాల్లో యజమానికి హృదయ పరివర్తన కలిగిస్తారు. కాప్రా నిజాయితీపరుడు గనక పాటర్‌కు అది అంటగట్టలేదు; తోచక దేవదూతను దింపాడు.

ఇంకొక చిత్రమైన సంగతి. ఈ సినిమా మొదట ఆడలేదు, నష్టం తెచ్చింది. 1974లో ఎవరో హక్కుల గడువు పొడిగించడం మరిచిపోయారు. దానితో టెలివిజను స్టేషన్లు ఖర్చులేకుండా చూపించడం మొదలుపెట్టాయి. ఏటా చూసి చూసి జనం దాన్ని తమ సొంతం చేసుకున్నారు. ఇరవై ఏళ్ళ తరవాత ఒక కంపెనీ హక్కులు తిరిగి సంపాదించుకుని తాళం వేసింది. పొదుపు సంఘం కథకు పట్టిన గతి ఇది!

చెడిపోవడం ఎలా జరుగుతుందో చూడాలంటే మరో జత ఉన్నది. 1940లో ఎర్నెస్ట్ లూబిచ్ "ది షాప్ అరౌండ్ ది కార్నర్" తీశాడు. కథాస్థలం బుడాపెస్టులో ఒక దుకాణం, కథానాయకులు అందులో జీతగాళ్ళు. ఒకరినొకరు ఎరగకుండా ఉత్తరాలతో ప్రేమించుకుని, ఎదురుగా పోట్లాడుకునే గుమాస్తాలిద్దరు. ప్రేమకథే. కాని ప్రతి సన్నివేశంలోనూ ఉద్యోగం ఊడుతుందనే భయం తచ్చాడుతూ ఉంటుంది. యజమాని నిక్కచ్చి అభిప్రాయం చెప్పమనేసరికి ముసలి గుమాస్తా ఒకడు మాయమైపోతాడు. ఆ ఒక్క చమత్కారంలో ఉన్న వర్గజ్ఞానం మన కథల్లో చాలావాటిలో లేదు. 1998లో అదే కథను "యూ హావ్ గాట్ మెయిల్" అని మళ్ళీ తీశారు. ఇప్పుడు ఇద్దరూ యజమానులే. ఆమెది తల్లినుంచి వచ్చిన చిన్న పుస్తకాల కొట్టు, అతనిది ఊళ్ళకు ఊళ్ళు ఆక్రమించే పెద్ద పుస్తకాల కంపెనీ. కంపెనీ కొట్టును మింగేస్తుంది. కొట్టు మూసినవాణ్ణే ఆమె ప్రేమిస్తుంది. అక్కడ పనిచేసినవాళ్ళు తలోదారీ పడతారు. 58 ఏళ్ళలో గుమాస్తా కథానాయకుడి పీటమీద నుంచి దిగిపోయాడు, పాటర్ పెళ్ళికొడుకై కూచున్నాడు. రెంటినీ వరసగా రెండు రాత్రులు చూశాను. రెండోదీ హాయిగానే ఉన్నది. ప్రమాదం అక్కడే.

పండుగ సినిమా అంటేనే ధనస్వామ్యపు రోగమనే మిత్రుడికి సోవియట్ సినిమా ఒకటి గుర్తుచేస్తాను. రియజానోవ్ తీసిన "విధి విలాసం" 1976 జనవరి 1న టెలివిజనులో వచ్చింది. నూతన సంవత్సరం ముందురోజున తాగిన మత్తులో మాస్కోవాడు లెనిన్‌గ్రాడ్‌లో తేలతాడు. వీధి పేరు తనదే, భవనం తనదే, తాళంచెవి కూడా పడుతుంది. ఇల్లు మాత్రం వేరొకరిది. ఒకే అచ్చులో ఇళ్ళు పోసిన ప్రణాళికా యంత్రాంగాన్ని చూసి దేశమంతా నవ్వింది, ఆ తరవాత ఏటా నవ్వుతూ వచ్చింది. ఎవరికీ హృదయ పరివర్తన కలగలేదు, బయట మంచు నిజం మంచులానే ఉన్నది. పండుగనాడు అబద్ధమే చెప్పాలని ఎక్కడా లేదు.

మన సంగతి ఎత్తకపోతే దొంగతనం అవుతుంది. మనకు సంక్రాంతి సినిమా ఉన్నది, అందులో సంక్రాంతి ఉండదు. పంట ఇంటికొచ్చే పండుగ అది. సినిమాకు మాత్రం అది విడుదల తారీఖు. 2025లో పండుగ పేరే పెట్టుకుని "సంక్రాంతికి వస్తున్నాం" వచ్చింది. అపహరణకు గురైన పెద్ద కంపెనీ అధిపతిని విడిపించడం అందులో కథ. హాలు నవ్వుతూనే ఉన్నది, నేనూ నవ్వాను. కౌలు రైతు పండుగనాడు ధాన్యం కొలిచి ఇచ్చాక ఇంట్లో మిగిలినదేమిటి అనే కథకు పాటరూ దొరుకుతాడు, బెయిలీ కూడా దొరుకుతాడు. తీసినవాళ్ళు లేరు.

ఈ డిసెంబరులో మా బృందంలో లూబిచ్ సినిమా వేద్దామని నేను ప్రతిపాదించాను. నవ్విన విద్యార్థి ప్రొజెక్టరు తెస్తానన్నాడు. కోప్పడిన మిత్రుడు ఇంకా ఏమీ చెప్పలేదు. ఆయన వస్తే, ముసలి గుమాస్తా మాయమైన ప్రతిసారీ ఆయన మొహంకేసి చూడాలని నాకున్నది. మా కాలేజీ కమిటీ సమావేశాల్లో, యాజమాన్యం అభిప్రాయాలు అడిగినప్పుడు, మేమిద్దరం ఎన్నోసార్లు కలిసే మాయమయ్యాం.