గ్రీన్ టీ రోగక్రిములను చంపునా?



గ్రీన్ టీ త్రాగితే ఒంట్లోని రోగక్రిములన్నీ చచ్చిపోతాయనే మాట ఈ మధ్య పల్లెల్లో కూడా వినబడుచున్నది. ఇందులో నిజమెంతో ఈ నెల తెలుసుకుందాము.

మనము పాలు పోసి కాచుకొనే టీ, గ్రీన్ టీ, ఈ రెండును ఒకే మొక్క ఆకులు. కోసిన ఆకును నలిపి గాలికి పులియనిస్తే నల్లని టీపొడి అగును. పులియకముందే ఆవిరి మీదనో, పెనము మీదనో వేడిచేసి ఆరబెడితే గ్రీన్ టీ అగును. ఇట్లు చేయుటవలన ఆకులోని కాటెకిన్లు అనే వగరు పదార్థాలు ఎక్కువగా నిలిచియుండును. పరిశోధనశాలలో గాజు గొట్టాలలో పెంచిన బాక్టీరియాపై వీటిని ప్రయోగించగా, పండ్లను పుచ్చగొట్టే క్రిమి, పుండ్లలో చీము పట్టించే క్రిమి వంటివాటి పెరుగుదల తగ్గినది. ఇది నిజమే.

అయితే ఒక కప్పు త్రాగిన తరువాత మన రక్తములో చేరే కాటెకిన్లు, ఆ గొట్టాలలో వాడినదానికంటె అనేక రెట్లు తక్కువ. అందుచేత చక్కెర లేని గ్రీన్ టీ నోటికి కొంత మేలు చేయవచ్చును గాని టైఫాయిడును, క్షయను, న్యుమోనియాను నయము చేయజాలదు. అట్టి రోగాలకు మందులే కావలెను. 1895లో భీమవరములో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వము వహించిన కాలములోనే, అక్కడ బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసినది. టెట్రాసైక్లిన్ మందులలో అదే మొదటిది. డాక్టరు వ్రాసిన ఇట్టి మందులను జ్వరము తగ్గిందని మధ్యలో మానవద్దు. టీ ఉన్నది గదా అని అసలే మానవద్దు.

మన ప్రాంతానికి దీనికంటె పెద్ద సంగతి నీరు. 2021 ఏప్రిల్‌లో ఆదోనిలోను, పాణ్యం మండలము గోరుకల్లులోను అతిసారము ప్రబలి ప్రాణాలు పోయినవి. టీ త్రాగువారికి కలిగే మేలులో పెద్ద పాలు నీటిని మరిగించుటవలననే కలుగును. నీరు తెర్లిన తరువాత ఒక నిమిషము ఉంచితే రోగక్రిములు చచ్చును. దీనికి ఆకుతో పనిలేదు, ఖర్చంతా వంటచెరకే. సుగ్గికి పోయి గుడిసెలలో ఉండే కుటుంబాలు కూడా త్రాగే నీటిని ఇట్లే కాచుకొని, మూతపెట్టి, కాడ ఉన్న గరిటెతో ముంచుకొనవలెను.

బిడ్డకు విరేచనాలైతే టీ పట్టించవద్దు. ఓ.ఆర్.ఎస్. పొట్లము కలిపి ఇయ్యవలెను. అది దొరకనిచో ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమమైన టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగించవలెను. తల్లిపాలు మానిపించరాదు. కండ్లు లోతుకు పోయినా, బిడ్డ మత్తుగా ఉన్నా, మలములో రక్తము పడినా వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఇంకొక జాగ్రత్త. టీలోని వగరు ఆహారములోని ఇనుమును ఒంటికి పట్టనియ్యదు. మన స్త్రీలలో రక్తహీనత ఎక్కువ. జొన్నరొట్టె తిన్న వెంటనే ఏ టీ అయినను త్రాగితే, ఆ భోజనములోని ఇనుము చాలవరకు వృథా అగును. భోజనానికి ముందు ఒక గంట, తరువాత ఒక గంట టీ వద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పుచున్నది. ఇనుము మాత్రలను కూడా టీతో మింగవద్దు. వాటిని నిమ్మరసము కలిపిన నీటితో వేసికొనుట మంచిది. గ్రీన్ టీ సారముతో చేసిన మాత్రలు కొందరికి కాలేయాన్ని చెరిపినవి గనుక వాటి జోలికి పోవద్దు.

ఇష్టమున్నవారు తెర్లిన నీటిని కొద్దిగా చల్లారనిచ్చి, ఆకు వేసి, రెండు మూడు నిమిషాల తరువాత వడగట్టి, చక్కెర లేకుండ దినానికి ఒకటి రెండు కప్పులు త్రాగవచ్చును. కొనలేనివారు చింతపడనక్కరలేదు. ఆ డబ్బుతో ఇంటికి ఆకుకూరలు, నిమ్మకాయలు, సబ్బు తెచ్చుకుంటే మీ బిడ్డలకు అంతకంటె ఎక్కువ మేలు జరుగునని మా నమ్మకము.