దాత కారు ఏది కావలెను?

మన అంబాసిడరుకు మాతృకయైన ఆక్స్‌ఫర్డు కారును రూపొందించిన మారిస్ సంస్థయే 1953లో ఇంగ్లాండున మైనర్ ట్రావెలర్ అను స్టేషన్ వ్యాగనును వెలువరించినది. 1971 వరకు అది తయారైనది. దాని వెనుక భాగమున కనిపించు ఆష్ కలప కేవలము అలంకారమని పలువురి భ్రమ. వెనుక కప్పును, ప్రక్కలను నిలుపునది ఆ చట్రమే.

తుప్పుపట్టిన ట్రావెలరును ఉద్ధరింపదలచినవారు మైనర్ సెలూను నొకదానిని దాతగా కొని విప్పివేయుదురు. ఇంజను, గేరుబాక్సు, బానెటు, ముందు మడ్‌గార్డులు దాని నుండి లభించును. రెండు తలుపుల సెలూనైనచో తలుపులు కూడ సరిపోవును. కలప చట్రము మాత్రము సెలూనులో లేనే లేదు. అందులకు వడ్రంగియే దిక్కు. ఇక నేలరేకు, తలుపుల క్రింది బోలు దూలముల సంగతి వేరు. ఈ కారుకు లారీవలె విడి ఛాసిస్ లేదు, ఆ రేకులే బరువు మోయవలెను. దాతయు అదే ఈడుది, అదే వానలో నానినది. తుప్పు దానిని సైతము అక్కడనే తినియుండును. పైరంగు మెరుపు చూచి కొన్నవారు అడుగున సుత్తితో తట్టిన పిదప విచారింతురు. ఆ రేకులు నేడు క్రొత్తవి దొరకుచున్నవి. వాటిని కొని వెల్డింగు చేయించుటయే మేలు.

కనుక నడువగల సెలూనును కోయుటకు నేను సమ్మతింపను. ట్రావెలరుకు వెల హెచ్చు గదా అందురు. ధనికుడైన రోగి కొరకు ఆరోగ్యవంతుని గుండె కోయుదుమా? ప్రమాదమున వెనుక భాగము నుగ్గై, ఎవరును బాగుచేయజాలని బండియే దాత కాదగును. దాని భాగములు తీసికొనవచ్చును గాని, దాని ఛాసిస్ నంబరు పలకను తెచ్చి ట్రావెలరుకు బిగించుట మోసము. రేపు కొనువాడు ఏ బండిని కొనుచున్నాడో వానికి తెలియవలెను గదా!