రాజధానిలో ఒక రోజు



మన పల్లెలలో ఎవరు ఏ గల్ఫు దేశానికి వెళ్ళినా "దుబాయి పోయిండు" అనే చెప్పుకుంటాము. అయితే దుబాయి ఉన్న ఆ దేశానికి రాజధాని దుబాయి కాదు, అబుదాబి. 1962లో చమురు ఎగుమతి మొదలుకాక మునుపు చేపల వేట మీద, ముత్యాల వేట మీద బ్రతికిన చిన్న ఊరది. నేడు అది మహానగరం.

వేములవాడ ప్రక్క గ్రామానికి చెందిన మన సంఘ దంపతులు, అక్కడ ఉద్యోగం చేస్తున్న కుమారుని పిలుపు మీద విజిట్ వీసాతో వెళ్ళివచ్చారు. ఆయన సిరిసిల్లలో ముప్పై ఏళ్ళు సాంచాలు నడిపిన మనిషి. ఆమె బీడీలు చుట్టి పిల్లలను చదివించిన తల్లి. కుమారునికి సెలవు దొరికిన ఒక శనివారమున ముగ్గురూ నగరం చూడ బయలుదేరారు.

మొదట 2007లో తెరచిన షేక్ జాయెద్ పెద్ద మసీదుకు వెళ్ళారు. 82 గుమ్మటాల ఆ తెల్లని కట్టడంలోనికి ఇతర మతస్థులను కూడా రానిస్తారు. స్త్రీలు తలకు ముసుగు వేసుకొనవలెను. లోపల పరచిన తివాచీ 5,627 చదరపు మీటర్లు. ఇరాన్ దేశములో సుమారు 1,200 మంది స్త్రీలు చేతితో ముడులు వేసి నేసినది. ముక్కలుగా తెచ్చి ఇక్కడ కలిపి కుట్టారు. మన పెద్దాయన గుమ్మటాల వైపు చూడనే లేదట. "అతుకు ఎక్కడున్నదో దొరుకుతలేదు" అంటూ వంగి వంగి ఆ తివాచీనే చూశాడట.

తరువాత సాదియత్ దీవిలో 2023లో తెరచిన అబ్రహామిక్ ఫ్యామిలీ హౌస్ చూశారు. ఒకే ఆవరణలో మసీదు, చర్చి, యూదుల సమాజమందిరము సమానమైన ఎత్తులో నిలిచియున్నవి. చర్చిలో కాసేపు మౌనముగా ప్రార్థించుకున్నారు.

సాయంకాలం కుమారుడు సముద్రతీరానికి తీసుకొనిపోదునన్నాడు. తల్లి ఒప్పుకొనలేదు. "మన వాడకట్టు పిల్లగాడు ముసఫాలో ఉన్నడు కద, సకినాలు ఇచ్చి వద్దాం" అన్నది.

ముసఫా నగర శివారులోని పారిశ్రామిక ప్రాంతము. క్యాంపు లోపలికి బయటివారిని రానివ్వలేదు. గేటు ముందరి టీ కొట్టు దగ్గర నిలిచియుండగా పని బస్సు వచ్చినది. ఆ పిల్లవాడు చెమటతో తడిసిన బట్టలతోనే దిగాడు. ఆ నగరంలో మూడేండ్లుగా ఉంటూ కూడా, వీరు ఒక్క రోజులో చూసినవేవీ అతడు చూడలేదు. ఒక్క గదిలో ఎనిమిది మంది. ఏజెంటు కోసం చేసిన అప్పు ఇంకా తీరలేదు.

అతడు, "పెద్దమ్మా, అవ్వకు మసీదు ఫోటోలు చూపెట్టుండ్రి. నా రూము ముచ్చట చెప్పకుండ్రి, పరేషాన్ అయితది" అని బ్రతిమాలుకున్నాడు.

తిరిగివచ్చిన తరువాత దంపతులు ఆ మాట మీద చాలా ఆలోచించారు. చివరకు అతని తల్లిదండ్రుల యొద్ద కూర్చుండి ఉన్నది ఉన్నట్టు మెల్లగా చెప్పారు. తల్లి ఏడ్చినది. తండ్రి ఇంటి పైఅంతస్తు స్లాబు ఆపివేసి, ఆ డబ్బు వడ్డీ అప్పుకు కట్టాడు. "ముందు పిల్లగాడు ఒక్కసారి ఇంటికి రానీ" అన్నాడు.

ప్రియులారా, రోము రాజధాని నుండి వెళ్ళగొట్టబడిన అకుల, ప్రిస్కిల్ల దంపతులు కొరింథులో, తమవలె డేరాలు కుట్టుకొని బ్రతికే పౌలును తమ ఇంట చేర్చుకున్నారు. పరాయి ఊరిలో కష్టజీవిని వెదకి పలుకరించుట అంత పాత సంగతి.

మీలో ఎవరైనా పిల్లల వద్దకు విదేశాలకు వెళ్ళినయెడల, భవనాలతో పాటు మన ఊరి బిడ్డలను కూడా చూచి రండి. వచ్చిన తరువాత రెండు సంగతులూ చెప్పండి. మేడల ఫోటోలు మాత్రమే చూసి మరొక యౌవనస్థుడు అప్పు చేసి బయలుదేరకుండును గాక. విజిట్ వీసా చూచి వచ్చుటకే గాని పని చేయుటకు కాదు. పనికి వెళ్ళగోరువారు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ గల ఏజెంటు ద్వారానే, ప్రవాసీ భారతీయ బీమా యోజన పత్రము చేతబట్టుకొని వెళ్ళవలెను. ఆ బీమా ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయలు ఇచ్చును.

ఇంటివారు కూడా ఫోనులో "పైసలు ఎప్పుడు పంపుతవు" అని అడుగక మునుపు "తిన్నవా బిడ్డా" అని అడుగుదురు గాక.